బ్రెజిల్ పాటలో మా ఇంటి కుట్టుమిషన్

మా అమ్మాయి రమ దోహాలో పాటలు రికార్డు చేసే స్టూడియోలో పనిచేస్తుంది. అబూ హమూర్‌లో తనుండే ఫ్లాట్‌కి నేను వచ్చి మూడు వారాలైంది. అందులో పది రోజులుగా రమ ఇక్కడ లేదు, బ్రెజిల్‌లో ఉంది. అక్కడి గాయని ఒకామె కొత్త ఆల్బమ్‌కి కొంత పని మా పిల్ల చేతుల మీదే జరిగింది మరి! ఫ్లాట్‌లో నేనూ, ఏసీ చప్పుడూ. వండుకోబుద్ధి కాక రొట్టెముక్క, చాయ్‌తోనే గడిపేస్తున్నాను. లిఫ్టులో ఎవరైనా నవ్వితే ఆ రోజు నాకు పండుగే. మొన్న పొద్దున రమ ఫోన్ చేసింది. "నాన్నా, బీరువల ఆ ఆల్బమ్ ఉంది, పెద్ద నల్ల రికార్డు. మూడో పాటకు తాళం అమ్మ కుట్టుమిషన్ చప్పుడే. చదువుకునేటప్పుడు నా ఫోన్‌ల పట్టుకున్న. గాయనమ్మకు వినిపిస్తే పాటల పెట్టుకుంది. నేనొచ్చినంక ఇద్దరం విందం."

మా ఆవిడ పోయి నాలుగేళ్ళు. ఇంకో వారం ఆగడం నావల్ల అవుతుందా, మీరే చెప్పండి! మా జగిత్యాలలో కొత్త వస్తువు ఏదైనా ముందు బొట్టు పెట్టాకే వాడతాం. దసరాకి మిషన్‌కి ఆమే పెట్టేది. నేనూ స్నానం చేసి, రికార్డు బయటికి తీసి, మెరిసే ఆ నల్ల పళ్ళెం మీద తడి పసుపు, కుంకుమ పెట్టి దండం పెట్టుకున్నాను.

ఇంట్లో రికార్డు తిప్పే మిషన్ లేదు. అల్ దోహా అల్ జదీదాలో పాత రికార్డుల దుకాణం ఉందని రమ ఎప్పుడో చెప్పింది. పదకొండున్నరకి టాక్సీ ఎక్కాను, ఇరవై రెండు రియాళ్ళయింది. డ్రైవర్ నిజామాబాద్ మనిషి.

"ఏం పెద్దనాయనా, గింత ముస్తాబై ఎటు పోతున్నవ్?"

"మీ పెద్దమ్మ మిషన్ కుడుతుంటే వినవోతున్న, కొడుకా."

"ఏడుంటది పెద్దమ్మ?"

ఒళ్ళో రికార్డు చూపించి, సంగతంతా చెప్పాను. అద్దంలో నన్ను ఒకసారి చూశాడు. "యల్లా, జల్ది పోదాం," అన్నాడంతే.

తీరా వెళ్తే దుకాణం మూసి ఉంది, మళ్ళీ తెరిచేది నాలుగింటికట. ఎదురుగా టీకొట్టులో రెండేసి రియాళ్ళ కరక్ చాయ్ మూడు కప్పులు తాగాను. చుట్టూ అన్ని భాషలూ మాట్లాడుతున్నారు, నాతో తప్ప. నాలుగింటికి దుకాణాయన వచ్చాడు. కేరళ మనిషి, నా ఈడువాడు. వచ్చీరాని హిందీలో సంగతి చెబితే, రికార్డుని మిషన్ మీద పెట్టి ముల్లు ఆనించాడు. మొదటి రెండు పాటలూ ఎంత కమ్మగా ఉన్నాయో, ఒక్క మాట అర్థమైతే ఒట్టు! మూడోది మొదలవగానే ముల్లు కర్రుకర్రుమని వెనక్కి ఎగిరింది. ఆయన గబుక్కున ముల్లు ఎత్తి, రికార్డు వాసన చూశాడు.

"భాయ్‌సాబ్, యే క్యా హై? మసాలా?"

"బొట్టు," అన్నాను, నా నుదురు చూపించి.

ఆయన తల కొట్టుకున్నాడు. పాట మిగులుతుందో లేదో చెప్పలేనన్నాడు. మెత్తటి గుడ్డ తడిపి, గీత వెంట గీత తుడుస్తూ పావుగంట కూర్చున్నాడు. ఆమెను నా చేత్తోనే చెరిపేశానా అనిపించింది.

మళ్ళీ ముల్లు పెట్టాడు. టప్! కుట్టు మొదలుపెట్టే ముందు చక్రం మీద ఆమె కొట్టే దెబ్బ. తర్వాత కటకటకట, మధ్యలో గాజులు. దాని మీద ఆ బ్రెజిల్ తల్లి గొంతు. చివర్లో పాట ఆగిపోయి మిషన్ ఒక్కటే నడిచింది. అదీ ఆగింది. "ఏందయ్యా, తిన్నవా?" అంది మా ఆవిడ.

"తినలే," అన్నాను, పైకే.

దుకాణాయన ముల్లు మళ్ళీ మొదట్లో పెట్టాడు.

ఐదుసార్లు విన్నాను. బొట్టు పెట్టినచోట చిన్న టిక్కుమనే చప్పుడు మాత్రం మిగిలిపోయింది. రమకి చెప్పాలి. ఇంత పెద్ద ఊళ్ళో ఈ పది రోజులూ నన్ను 'తిన్నవా' అని అడిగినవాళ్ళు లేరు. ఇంటికొచ్చి బియ్యం కడిగి, పప్పు వేసి, కూర కూడా చేసుకుని ఆమెకు చెప్పి మరీ తిన్నాను. ఇక మీకో సలహా: ఇక్కడ చాలా దుకాణాలు మధ్యాహ్నం మూసి నాలుగింటికి తెరుస్తారు, ఆ తర్వాతే బయల్దేరండి. రికార్డుకి బొట్టు పెట్టాలనిపిస్తే పైన అట్ట మీద పెట్టండి.