తెల్లనేలలో పచ్చటి పుదీనా

ఝాన్సీలక్ష్మి పుట్టిల్లు ముప్పాళ్ళ దగ్గర నల్లరేగడి పల్లె. అక్కడ చేలో ఏది వేసినా ఏపుగా వస్తుంది. ఆమె కాపురానికొచ్చిన గురజాల వైపు ఊళ్ళో మాత్రం గడ్డపార దిగితే చాలు, తెల్లటి సున్నపురాయి తగులుతుంది. కొత్తకోడలిగా అత్తవారి మెట్టచేను చూసినప్పుడు, "ఇదేంది, చేలో ముగ్గు పోసి మరిచిపోయారా?" అందట. ఆ మాట చెప్పుకుని ఆమె భర్త చెన్నకేశవులు ఇప్పటికీ నవ్వుతాడు. ఆ చేను తలుచుకుని నవ్వు రాని రోజులు ఆ ఇంట్లో చాలానే గడిచాయి.

ఆ చేలో పత్తి వేశారు, మిరప వేశారు. ఏదీ నిలకడగా పండలేదు. చివరికి బోరు పక్కనున్న నేలచెక్కలో ఝాన్సీ పుదీనా నాటింది. మాచర్ల హోటళ్ళలో బిర్యానీ వండని రోజుండదు, పుదీనా లేని బిర్యానీ ఉండదు అన్నది ఆమె ధైర్యం.

తీగ బాగానే పాకింది. కానీ కొత్త చిగుళ్ళు పాలిపోయి వచ్చాయి. ఈనెలు మాత్రం పచ్చగా ఉండి, వాటి మధ్య ఆకంతా పసుపు తిరిగింది. పశువుల ఎరువు వేసినా, యూరియా చల్లినా రంగు మారలేదు. తెల్లవారుజామున కోసి మాచర్ల మార్కెట్‌కు తీసుకెళితే, కొట్టతను కట్టను అటూ ఇటూ తిప్పి, "నిన్నటి సరుకా అమ్మా?" అని పక్కన పెట్టేశాడు. వచ్చేటప్పుడు బస్సులో ఆ కట్టలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుందామె. వాసన బాగుందని పక్కసీటావిడ అంటే, అన్నీ ఆవిడకే ఇచ్చేసి దిగింది.

ఆ సాయంత్రం చెన్నకేశవులు మెల్లగా మొదలుపెట్టాడు. "ఏమే, ఇంక చాలు. నాపరాయి క్వారీ వాళ్ళు ఎప్పటినుంచో అడుగుతున్నారు. ఇచ్చేద్దాం."

"ఒకసారి తవ్వితే మళ్ళా చేనవుద్దా అది?"

"ఇప్పుడు మాత్రం చేనంటారా దాన్ని?"

ఝాన్సీకి ఆ మాట చురుక్కుమంది. మర్నాడే పసుపు తిరిగిన రెమ్మలు కవర్లో వేసుకుని రైతు సేవా కేంద్రానికి వెళ్ళింది. అక్కడ వ్యవసాయ సహాయకురాలు సుప్రజ ఆ రెమ్మల్ని వెలుతురుకు పట్టి చూసింది.

"ఇది ఇనుము చాలకపోవటం అక్కా. మీ నేల్లో ఇనుము లేక కాదు, సున్నం ఎక్కువై వేరు దాన్ని తీసుకోలేకపోతోంది. వేరుకు అందనిది ఆకుకే పెడదాం. అన్నభేది అని ఇనుముండే ఉప్పు దొరుకుద్ది, దాన్ని నీళ్ళల్లో కలిపి ఆకుల మీద కొట్టాలి."

ఎంత కలపాలో, ఎప్పుడు కొట్టాలో కూడా చెప్పింది. ఝాన్సీకి ఆత్రం ఎక్కువ. ఇంకాస్త ఎక్కువ వేస్తే ఇంకాస్త తొందరగా పచ్చబడుతుందనుకుంది. అన్నభేది గుప్పెళ్ళతో బోరునీళ్ళల్లో కలిపి, మిట్టమధ్యాహ్నం ఎండలో కొట్టింది. మర్నాటికల్లా చిగుళ్ళు మాడి నల్లబడ్డాయి.

చెన్నకేశవులు వెళ్ళి ఆ మాడిన చిగుళ్ళు చూసొచ్చాడు. వస్తూనే క్వారీ వాళ్ళకు ఫోను చేశాడు. వాళ్ళు జీపులో వచ్చి, చేనంతా టేపుతో కొలిచి, గట్టున సున్నంతో గుర్తులు పెట్టి వెళ్ళారు.

"ఒక్క కోత ఆగు," అంది ఝాన్సీ భర్తతో. "ఈ కోత కూడా పోతే నేనే సంతకం పెడతా. నీకు అడ్డం రాను."

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. "సరే, కానియ్," అన్నాడు.

ఈసారి సుప్రజ చేనుకే వచ్చింది. బక్కెట్లో బోరునీళ్ళు పట్టి కాస్త అన్నభేది వేసి చూపించింది. చూస్తుండగానే నీళ్ళు తుప్పురంగుకు తిరిగాయి.

"చూశారా? ఇట్లా అయ్యాక కొడితే ఆకుకు పట్టదు. ముందు నిమ్మఉప్పు కలిపి, ఆ తర్వాత ఇది వెయ్యండి."

అట్లా కలిపిన రెండో బక్కెట్లో నీళ్ళు లేత పచ్చగా నిలిచాయి. ఝాన్సీ వంగి ఆ రెండు బక్కెట్లనూ మార్చి మార్చి చూసింది. చేసిన పొరపాటు కళ్ళముందు కనపడ్డాక ఆమెకు భయం పోయింది.

మాడిన చిగుళ్ళన్నీ కోసేసి, కొత్తవి వచ్చేదాకా ఓపిక పట్టింది. ఎండ చల్లబడ్డాక, గాలి లేనప్పుడు, కొలిచి కలిపిన మందు ఆకు పైనా అడుగునా సన్నటి మంచులా పడేటట్టు కొట్టింది. ఒక్క మడి మాత్రం కావాలనే వదిలేసింది.

"దాన్నెందుకు వదిలావు?" అన్నాడు చెన్నకేశవులు.

"పచ్చబడితే వానవల్లనో, నీ అదృష్టంవల్లనో అంటావు. అందుకని."

కొద్దిరోజులకు మోటారు వెయ్యడానికి వెళ్ళిన చెన్నకేశవులు ఎంతకీ తిరిగి రాలేదు. ఝాన్సీ వెళ్ళి చూస్తే గట్టుమీద నిలబడి ఉన్నాడు. వదిలేసిన మడి పసుపుపచ్చగా అట్లాగే ఉంది. దాని చుట్టూ మిగతా మళ్ళన్నీ ముదురాకుపచ్చగా, వెడల్పాటి ఆకులతో కళకళలాడుతున్నాయి.

"చానా బాగుందే," అన్నాడు. వంగి ఒక ఆకు తుంచి వాసన చూశాడు.

ఆ పుదీనా సుప్రజ ద్వారా సైమా కంటపడింది. నరసరావుపేటలో ఆకులు ఎండబెట్టి పొడులు తయారుచేసే చిన్న యూనిట్ సైమాది. రక్తం తక్కువున్న ఆడవాళ్ళకు పనికొచ్చే పొడి చెయ్యాలని ఆమె చాలాకాలంగా ఇనుము బాగా ఉన్న ఆకుకోసం తిరుగుతోంది. రంగుకు మెచ్చుకుంది, వాసనకు మెచ్చుకుంది. ఒక్క అనుమానం మాత్రం దాచుకోలేదు.

"అక్కా, తప్పుగా అనుకోవద్దు. ఇనుము ఆకులో ఉందా, ఆకుమీద అంటుకునుందా?"

"మంచి మాటడిగావమ్మా. తేల్చుకుందాం," అంది ఝాన్సీ.

మందు కొట్టడం ఆపేసింది. ఆపాక పుట్టి పెరిగిన ఆకునే కోసింది. మంచినీళ్ళల్లో మళ్ళీ మళ్ళీ జాడించింది. వదిలేసిన మడిలోది కూడా కోసి, రెండూ వేరువేరు సంచుల్లో సైమాకిచ్చింది. సైమా వాటిని గుంటూరులో ల్యాబుకు పంపింది.

ఫలితం వచ్చిన పూట సైమా ఫోనులో చెప్పలేదు. స్కూటీ మీద చేనుకే వచ్చి, గట్టు దగ్గరనుంచే కేకేసింది. "అక్కా! ఆకులోనే ఉంది! కొట్టని మడికంటే కొట్టినదాంట్లో బాగా ఎక్కువుంది. ఇక నీ పుదీనా అంతా నాకే కావాలి. మెంతికూర కూడా వెయ్యి. ఎంత పండించినా తీసుకుంటా."

ఝాన్సీ చేతులు కొంగుకు తుడుచుకుని సైమాను గట్టిగా వాటేసుకుంది. మోటారు దగ్గరున్న చెన్నకేశవులు జేబులోంచి ఫోను తీశాడు. ఇద్దరికీ వినపడేటట్టే క్వారీ వాళ్ళతో మాట్లాడాడు.

"అయ్యా, మా చేను తవ్వకానికి ఇయ్యటం లేదు. ఏంది? ఎంతిచ్చినా ఇయ్యం. అందులో పంట ఉంది."

ఇప్పుడు ఆ మెట్టచేను సగానికి పైగా పుదీనా, మెంతికూర, కరివేపాకు. ఆ చుట్టుపక్కల సున్నపు నేలలున్న ఆడవాళ్ళు ఝాన్సీ చేనుకొచ్చి, మందు కలపడం నేర్చుకుని వెళుతున్నారు. మొన్న వెల్దుర్తి నుంచి ఆటో నిండా వచ్చారు. అందులో ఒకావిడ, "మాది ఉత్త రాళ్ళ చేను వదినా, మాకేం పండుద్ది?" అని నిట్టూర్చింది.

ఝాన్సీలక్ష్మి ఆవిడ చేతిలో స్ప్రేయరు గొట్టం పెట్టింది. "ముందు ఆకు అడుగున కొట్టటం నేర్చుకో. మీ చేను సంగతి వచ్చేవారం నేనే వచ్చి చూస్తా," అంది.