వెనక తలుపుకు తొమ్మిది అడుగులు

ఇస్త్రీ పెట్టె కింద పంచె మాడిన వాసన వస్తే ఇప్పటికీ నా కళ్లు మొదట వెతికేది తలుపునే. ఈ అలవాటు రత్తమ్మ పెట్టింది. పర్చూరుకు మూడు మైళ్లలో ఉన్న పత్తి మిల్లులో ఆమె గింజ తీసే మరకు పత్తి అందించేది. నేను అక్కడే కాటా గుమాస్తాను. బడి చదువు తక్కువ. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. ఆడకూలీలు చీర కుచ్చిళ్లలో పత్తి దాచుకుపోతారని మిల్లువాళ్లు వెనక తలుపుకు బయటినుంచి తాళం వేసేవారు. పని దిగాక అందరూ ముందు గుమ్మంలో కొంగు దులిపి చూపించి పోవాలి. ఒక మధ్యాహ్నం పత్తిలో కలిసి వచ్చిన రాయి మరలో పడి నిప్పురవ్వ లేచి, పత్తి గుట్టలు అంటుకున్నాయి. వెనక తలుపును బాదుతూ ఇద్దరు చనిపోయారు.

ప్రభుత్వం విచారణకు ఒక రిటైరైన జడ్జిగారిని వేసింది. ఆయన మిల్లు మనిషీ కాదు, సర్కారు ఉద్యోగీ కాదు, ఎవరికీ భయపడనక్కర్లేదు. భయమంతా మాదే. పైగా పెద్దమనిషి అడిగితే బాగానే ఉందనడం మా మర్యాద. వరసగా పదకొండు మంది అదే చెప్పారు. తలుపు ఎంత దూరమని నన్ను అడిగితే, “దగ్గరేనండి” అన్నాను. వరండాలోకి రాగానే రత్తమ్మ నన్ను కడిగేసింది.

“పత్తి తూచేటప్పుడు పలం కూడా వదలవు గదా. చచ్చినోళ్ల లెక్కకొచ్చేసరికి దగ్గరేనా? ఏం కొలతయ్యా అది?”

తన వంతు వచ్చినప్పుడు ఆమె, “అయ్యగారూ, తమరే వచ్చి నడిచి చూడండి” అంది. ఆయన వచ్చారు. ఆమె మర నుంచి పత్తి గుట్టలు చుట్టి ముందు తలుపుకు అరవై మూడు అడుగులు. వెనక తలుపుకు తొమ్మిది. నేను లెక్కపెట్టాను, ఆయన రాసుకున్నారు.

పనివేళ ఏ తలుపుకూ తాళం ఉండకూడదని చట్టం తేవాలని ఆయన నివేదిక ఇచ్చారు. ఇక అయిపోయిందనుకున్నాను. నా జన్మలో అంత తప్పు లెక్క వేయలేదు. ఆ నివేదికను పరిశీలించడానికి ఒక సంఘం, ఆ సంఘం చెప్పింది పరిశీలించడానికి మరొకటి. నేను ఎన్ని ఉత్తరాలు రాసినా ‘పరిశీలనలో ఉన్నది’ అనే జవాబు. తాళం మాత్రం తలుపుకే ఉంది. చివరికి నిబంధన వచ్చింది: బయటినుంచి తాళం వేయరాదట. మర్నాడే మేనేజరు దాన్ని లోపలివైపు వేసి, తాళంచెవి జేబులో పడేసుకున్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. రత్తమ్మ నవ్వింది.

“జడ్జిగారు తాళమే వద్దన్నాడు. బయట, లోపల అని ఎవడు చేర్చాడు? మళ్లీ రాయవయ్యా.”

రాశాను. నివేదికలోని వాక్యం, నిబంధనలోని వాక్యం పక్కపక్కన పెట్టి, కింద అరవై మూడు, తొమ్మిది అని వేశాను. ఇంకో రెండేళ్లకు, లోపలైనా బయటైనా తాళం వద్దని సవరణ వచ్చింది. అప్పటికి ఆమె పని మానేసింది. అయినా కబురు విని వచ్చింది. తన మర పక్కన నిలబడి, అక్కడినుంచి నడిచి, అరచేత్తో తలుపు తోసింది. తెరుచుకుంది. ఎండ లోపలికి పడింది.

“ఇంతేగా,” అంది. “దీనికా ఇన్నేళ్లు?”

 ఆనాటి నుంచి దూరం రాయవలసి వస్తే ఏ కాగితం మీదా ‘దగ్గర’ అని రాయను. వెళ్లి, నడిచి, అంకె వేస్తాను.