మా బావకు నేను ఒళ్ళు చేయించిన వైనం

ఆకలితో పోయినవాళ్ళ కథలు మా కరువు సీమలో కావలసినన్ని ఉన్నాయి. తిండి పెట్టి పెట్టి ఒక మనిషిని చావు అంచుదాకా తీసుకుపోయినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అయ్యుంటాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఇప్పుడైతే నేనూ నవ్వుతాను, అదీ సగమే.

కర్నూలు కొత్తగా రాజధాని అయిన రోజులవి. మా బావ ఓబులేసు ఎర్రగుంట్లలో నాపరాళ్ళ లారీ తోలేవాడు. ఒక మిట్టమధ్యాహ్నం దప్పికై, సీటు కింద సీసా ఎత్తి రెండు గుక్కలు మింగాడు. అది నీళ్ళ సీసా కాదు. బ్యాటరీలో పోసే యాసిడ్. ప్రాణం దక్కింది, గొంతు దక్కలేదు. లోపల అన్నం దిగే దారి పుండై, మాని, పూడుకుపోయింది. మద్రాసులో డాక్టర్లు పొట్టకు చిల్లి పెట్టి రబ్బరు గొట్టం దించారు. "గంజి, పాలు దీంట్లోనే పొయ్యండి. మనిషి కోలుకున్నాక తీసుకురండి, దారి తెరవడానికి ఇంకో ఆపరేషన్ చేసి చూస్తాం" అని ఇంటికి పంపారు.

వచ్చిన బావ ఎండిన కందికట్టెలా ఉన్నాడు. మా అక్క చెన్నమ్మకు ఆ గొట్టం చూస్తేనే కళ్ళు తిరిగేవి. నేనేమో రాజంపేటలో మెట్రిక్ తప్పి, ఖాళీగానూ ఉత్సాహంగానూ ఉన్నాను. ఈ రెండూ ఒకే మనిషిలో చేరితే చుట్టుపక్కలవాళ్ళకు ప్రమాదం. మూటాముల్లె సర్దుకుని ఎర్రగుంట్లలో దిగాను.

"అక్కా, నువ్వు ఏడవాకు. బావను మల్లా మనిషిని చేస్తా" అన్నాను.

చేశాను. ఒక మనిషిని కాదు, ఇద్దరిని.

మింగ గొంతు లేదు, గొట్టానికి నెయ్యి అన్నట్టు సాగింది నా వైద్యం. రాగి గంజి, పాలు, పచ్చిగుడ్లు, బెల్లం, నెయ్యి, వేయించి నూరిన చెనిక్కాయల పిండి, అన్నీ కలిపి గుడ్డలో వడగట్టి గరాటులో పోసేవాణ్ణి.

"సాలురా అబ్బీ" అనేవాడు బావ కీచుగొంతుతో.

"ఇంగొక్క గ్లాసు బావా."

"సాలంటాండా గదరా, పొట్ట పగుల్తాది!"

"సాలంటే యాడన్నా ఆపుతారా బావా?"

మీరే చెప్పండి. మా వైపు విస్తరి ముందు కూర్చున్నవాడు చాలన్నాడంటే ఇంకో ముద్ద వేయమని అర్థం. నోటితో తినేవాడైతే విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాడు, మరీ బలవంతం చేస్తే లేచిపోతాడు. గొట్టానికి ఆ సౌకర్యం ఎక్కడిది? అడగందే అమ్మైనా పెట్టదంటారు. వద్దన్నా పోసేవాడు బామ్మర్ది.

బావ నానేసిన శనగలా ఉబ్బడం మొదలుపెట్టాడు. దవడలు నిండాయి, మెడ మాయమైంది. పంచె చుట్టు రాకపోతే అక్క రెండు పంచెలు కలిపి కుట్టింది. ఊళ్ళో జనం వింతగా చూడవచ్చేవారు. బావతో పాటు లారీ తోలే మస్తాన్ సాబు నా వీపు తట్టి, "ఏమప్పా, పెట్రోలు పోసినట్టు పోస్తాండావే! బామ్మర్దంటే నువ్వప్పా!" అన్నాడు. నా ఛాతీ బావ పొట్టతో పోటీపడింది.

గడప దాటితే బావకు ఆయాసం. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, గోడకు చేరగిలబడి కునికేవాడు. గొట్టం చుట్టూ చర్మం ఒరుసుకుని పుండు పడింది.

"రేయ్, మీ బావ సరిగ్గా నిద్దరపోయి శానా దినాలైందిరా" అంది అక్క.

"బలం కొత్త గదక్కా, సర్దుకుంటాది" అని ధైర్యం చెప్పాను. మెట్రిక్ తప్పినవాడి ధైర్యం అలాగే ఉంటుంది.

అక్కతో కలిసి బావను మద్రాసు తీసుకువెళ్ళే రోజు నేను కొత్త చొక్కా వేసుకున్నాను. డాక్టర్ మెచ్చుకునేటప్పుడు పాత చొక్కా ఏం బాగుంటుంది? బావను రైలెక్కించడానికి మస్తాన్ సాబు వెనకనుంచి నెట్టాల్సి వచ్చింది. ఒంటిమిట్ట దాటుతుంటే బావ కిటికీలోంచి రాములవారికి దండం పెట్టి, "ఒక్క ముద్ద సంగటి మింగనియ్యి సామీ" అన్నాడు.

డాక్టర్ పాత కాగితం చూశాడు. బావను చూశాడు. మళ్ళీ కాగితం చూశాడు.

"ఈ మనిషేనా ఆ మనిషి? ఇంట్లో తిండి పోసేదెవరు?"

చొక్కా సర్దుకుని ముందుకొచ్చాను. "నేనే సార్!"

"ఈయన మీద నీకేమైనా పగ ఉందా?"

సర్దుకున్న చొక్కానే మళ్ళీ సర్దుకున్నాను.

"ఇంత కొవ్వుతో మత్తుమందు ఇస్తే బల్ల మీదే పోతాడు. నెయ్యి, బెల్లం మాను. పాలూ గంజీ కొలిచి పొయ్యి. ఒళ్ళు తగ్గాకే ఆపరేషన్." తర్వాత బావ వైపు తిరిగాడు. "నువ్వైనా గొట్టం నొక్కి పట్టుకోవచ్చు కదయ్యా?"

బావ పొట్ట మీది గొట్టం తడుముకున్నాడు. "సాలని నోరంటాది సార్, చెయ్యి రాదు. కడుపు నిండేది. తిన్నట్టు మాత్రం ఉండేది గాదు. ఇంగొంచెం పోస్తే ఉంటాదేమోనని..."

అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. డాక్టర్ గొంతు తగ్గించాడు. "గొట్టంలో పోయించుకునే ముందు ఏదైనా నోట్లో పెట్టుకుని నమిలి, రుచి చూసి ఉమ్మెయ్యి. మింగబోకు."

మీరు ఆశపడి ఉసూరుమనకుండా ముందే చెప్పేస్తాను. ఏడాదికి బావ ఒళ్ళు తగ్గింది, ఆయాసం పోయింది, మంచం మీద కాళ్ళు చాపి నిద్రపోయాడు. ఆపరేషన్ చేశారు. దారి తెరుచుకోలేదు. బతికినన్నాళ్ళూ ఆ గొట్టమే ఆయన నోరు. లారీ మళ్ళీ తోలలేదు. ఆ ఏడాది నేను వృథా చేయకుండా ఉంటే ఏమయ్యేదో డాక్టర్లూ చెప్పలేకపోయారు. నన్ను నేను అడక్కుండా ఉన్న రోజు లేదు.

ఇక, డాక్టర్ చేత చీవాట్లు తిని మద్రాసు నుంచి తిరిగొచ్చిన మర్నాడు జరిగింది చెబుతాను. బావ అరుగు మీద కూర్చున్నాడు. రుచి చూడటమే కదా అని, నెయ్యీ బెల్లం తప్ప మిగిలినవన్నీ వేసి, నా గంజి గిన్నె పట్టుకొచ్చాను.

"ముందు నా చేతి వంట చూడు బావా!"

ఒక గరిటెడు నోట్లో పోసుకున్నాడు. పుక్కిలించాడు. ముఖం చింతకాయలా వంకరపోయింది. వీధి మధ్యదాకా ఉమ్మాడు.

"థూ! ఏందిరా ఇది?"

"దినామూ పోసేదే బావా."

"ఉప్పెయ్యవా?"

"గొట్టానికి ఉప్పెందుకులే అని..."

"మాడు కంపు కొడతాండాది గదరా! ఇన్ని దినాలూ నా కడుపులో పోసింది ఈ కుడితేనా? గొంతు పాయెనని ఇన్నాళ్ళూ ఏడిస్తి గదరా... పోవడమే మేలైంది!"

అక్క నవ్వింది. యాసిడ్ సంగతి జరిగాక ఆమె నవ్వగా వినడం అదే మొదలు. బావ పొట్ట పట్టుకుని కీచుమంటూ నవ్వాడు. నేను మాత్రం గిన్నె పట్టుకుని వంటింట్లోకి పోయి, కాసేపటికి గానీ బయటికి రాలేదు.

ఆ పొయ్యి ముందే ప్రమాణం చేశాను: నా నోట పెట్టి చూడనిది మరొకరి కడుపులో పోయను, చాలన్నవాడికి మెతుకు కూడా మారు వడ్డించను. నేటికీ తప్పలేదు. మా ఇంటికి భోజనానికి వచ్చిన చుట్టాలు సగం కడుపుతో లేచిపోతున్నారని మా ఆవిడ తిట్టిపోస్తుంటుంది. తిట్టనివ్వండి.