మజ్జిగ తాగి కొన్న ఎర్ర కారు

మా ముత్తాత ఉదయగిరి కొండ కింద మూడు ఊళ్ళకు మునసబు. తహసీల్దారు క్యాంపుకు వస్తే ముందు మా అరుగు మీద కూర్చుని, ఆ తర్వాతే కచేరీ పెట్టేవాడని చెప్పేవారు. మా తాత ఏ పదవీ చేయలేదు. కానీ గట్టు తగాదాలన్నీ ఆయన ముందుకే వచ్చేవి. ఆయన తీర్పు చెప్పాక ఆత్మకూరు కోర్టు మెట్లెక్కినవాళ్ళు లేరు. మా నాయన సమితి ప్రెసిడెంటుగా చేశాడు. మా చుట్టుపక్కల మొదటి జీపు ఆయనదే. తర్వాత రెండు ఎన్నికల్లో నిలబడి, రెండింటిలోనూ ఓడి, చెరువు కింద మాగాణి అంతా పోగొట్టాడు. నా వంతుకు పై అంతస్తు కూలిన ఇల్లూ, మర్రిపాడు దారిలో బత్తాయి తోటా మిగిలాయి. గొప్ప చెప్పుకోవడానికి ఇదంతా రాయడం లేదు. ఇది తెలియకపోతే నేను చేసిన పని ఎవరికీ అర్థం కాదు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు తోట అంచున కొంత నేల పోయి, పరిహారం వచ్చింది. మేం బతికేది ఆ తోట మీదే. దాన్ని చూసుకునేది నా భార్య.

"ఈ డబ్బు బోరుకే. ఇంకో మాట లేదు," అందామె. "పాత బోరు గాలి కక్కతా ఉండాది. ఈ ఎండాకాలం చెట్లు తట్టుకోవు."

సరేనన్నాను. నీళ్ళు చూసే ఆయన వచ్చి, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తోటంతా తిరిగి, ఒకచోట రాయి పాతి పోయాడు. బోరు లారీ రావడానికి నెల పడుతుందన్నారు.

ఆ నెలలోనే ఆత్మకూరులో మా బంధువుల పెళ్ళి జరిగింది. కల్యాణమండపం ముందు షేర్ ఆటో దిగాను. గుమ్మం దగ్గర పన్నీరు చల్లుతున్న పెళ్ళివారు నన్ను చూశారు. ఒకడు చేయి ఊపాడు. అంతలో నా వెనక ఒక పెద్ద కారు ఆగింది. దిగినవాడు రోడ్డు పనుల కాంట్రాక్టరు. పన్నీరు గిన్నెలతో సహా అందరూ నన్ను దాటుకుని అతని దగ్గరికి పరుగెత్తారు. నేను ఆటో అతనికి డబ్బులిస్తూ అక్కడే నిలబడ్డాను. ఆ రోజు భోజనం ఎలా తిన్నానో నాకు గుర్తు లేదు.

బంతిలో నా పక్కన కూర్చున్నవాడు ఆత్మకూరులో ఒకప్పటి పెద్ద కుటుంబం మనిషి. వాళ్ళ బియ్యం మిల్లు మూతపడి ఏళ్ళయింది. ఇప్పుడు చెన్నై నుంచి పాత కార్లు తెచ్చి అమ్ముతున్నాడు. వరసకు నాకు బావ.

"ఆటోలో వచ్చినావంట బావా?" అన్నాడు చారు పోయించుకుంటూ.

"వచ్చినాను. ఏం?"

"ఏం లేదు. మా మిల్లు షెడ్డులో ఒక బండి ఉండాది. రెండే తలుపులు. ఎర్రది. ఆ కాంట్రాక్టరు అడిగినాడు, వానికి ఇయ్యబుద్ధి కాలేదు. ఆ సీట్లో కూర్చోడానికి మనిషికి ఒక ఇది ఉండాల."

అతను చెప్పిన ధర పరిహారంలో సగం. మిగిలిన సగంతో బోరు పడుతుందని బస్సులో లెక్క వేసుకుంటూ ఇంటికి వచ్చాను. నా భార్య అంతా విని, "నీళ్ళు పడితే సగంతో సరిపోద్ది. పడకపోతే?" అంది. 

కార్ల గురించి నాకు తెలిసింది తాళం తిప్పడం, స్టీరింగు పట్టుకోవడం. అందుకని ఉదయగిరిలో మెకానిక్ షెడ్డు నడుపుతున్న సాయబును వెంట తీసుకుపోయాను. వాళ్ళ నాయన మా నాయన జీపు నడిపేవాడు. మేమిద్దరం ఆ జీపు వెనక సీట్లో పెరిగినవాళ్ళం.

మిల్లు షెడ్డులో టార్పాలిన్ తీయగానే నా ఒళ్ళు ఝల్లుమంది. నేలకు అంటుకుని పడుకున్న జంతువులా ఉంది. ముందు కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. మా వైపు పెద్దిళ్ళలో ఒక పద్ధతి ఉంది. సంతలో ఎద్దును కొంటే నోరు తెరిపించి పళ్ళు చూడొచ్చు, తోక ఎత్తి చూడొచ్చు. ఇంటికి పోయి, వాళ్ళ మజ్జిగ తాగి కొనేటప్పుడు మాత్రం నోరు తెరిపించకూడదు. అమ్మేవాడి మాటే పన్ను. చూశామంటే ఆ ఇంటిని అవమానించినట్టే.

సాయబు మజ్జిగ గ్లాసు కింద పెట్టి, కారు లోపలికి వంగి, కార్పెట్ వాసన చూశాడు. సీటు కింద చేయి పెట్టి, వేళ్ళు చూసుకున్నాడు. బయటికి వచ్చి నాతో, "అయ్యా, ఈ సీటు బెల్టు ఒకసారి కొసదాకా లాగి చూస్తా," అన్నాడు.

బావ నవ్వాడు. "మీ నాయన మా నాయన దగ్గర జత ఎద్దులు తోలుకోని పోయినాడు బావా. పళ్ళు చూపీమన్నాడా? ఇప్పుడు సాయబుని పెట్టుకోని బెల్టు గుంజి చూస్తారా?"

"బెల్టు గుంజితే అరిగిపోద్దా ఏంది?" అన్నాడు సాయబు.

"చాల్లే," అన్నాను నేను. "ఇంక చూడబాక."

అతను కారు తలుపు వేశాడు. గుడ్డతో చేతులు తుడుచుకుని గేటు దగ్గరికి పోయి నిలబడ్డాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆ కారులో ఎక్కలేదు. "బస్సుకొస్తాలే అయ్యా," అన్నాడు.

పది రోజులు ఆ కారు నడిపాను. ఉదయగిరి సెంటర్లో ఆపితే జనం మూగేవారు, ఫోటోలు దిగేవారు. స్పీడ్ బ్రేకర్ వస్తే అడుగు గీసుకునేది. తోట బాటలోకి అది దిగేది కాదు. రోడ్డు మీదే వదిలి నడిచి పోయేవాణ్ణి. నా భార్య ఒక్కసారే ఎక్కింది. దిగడానికి మోకాళ్ళు లేవక, నా చేయి పట్టుకుని, "ఇది మనుషులు కూర్చునేదా, పండుకునేదా?" అంది. అప్పుడు ఇద్దరం నవ్వాం.

పదకొండో రోజు మర్రిపాడు దాటాక లైట్లన్నీ ఒక్కసారి వెలిగి ఆరిపోయాయి. స్టీరింగు బిగుసుకుపోయింది. బండి ఆగిపోయింది. ఒక లారీ డ్రైవరు తాడు కట్టి ఉదయగిరి దాకా లాక్కొచ్చాడు. బస్టాండు ముందు నుంచి, పట్టపగలు. నేను లోపల స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. టీ అంగడి ముందు ఎవరో, "పెద్దోళ్ళ బండిరా, లారీని తోలతా ఉండాది!" అన్నారు.

షెడ్డు ముందు సాయబు తాడు విప్పాడు. సీటు బెల్టు కొసదాకా లాగాడు. చివర జానెడు మేర మట్టి రంగు చార ఉంది. సీటు ఊడదీసి, కార్పెట్ ఎత్తాడు. ఎండిపోయిన సన్నటి బురద, తుప్పు పట్టిన వైర్లు.

"వరదలో మునిగిన బండి అయ్యా ఇది. సీట్లదాకా నీళ్ళు నిలిచినాయి. ఆరబెట్టి, రంగేసి అమ్మినారు."

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"చూడనిస్తే కదా చెప్పేది."

బావను నిలదీయమని నా భార్య పట్టుబట్టింది. ఆత్మకూరు పోయాను. అతను మంచం వాల్చి, మళ్ళీ మజ్జిగ ఇప్పించాడు. గోడకు పెచ్చులు ఊడిపోయి ఉన్నాయి. అతని చొక్కా కాలర్ చిరిగితే కుట్టించుకున్నది. వాళ్ళ నాయన ఫోటో కింద కూర్చున్నాం. అడిగితే ఏమంటాడో నాకు తెలుసు. "చూడొద్దన్నది నువ్వే కదా బావా." వానల సంగతి మాట్లాడుకున్నాం. లేచి వచ్చేశాను. మోసపోయానని నోటితో ఒప్పుకోవడం కంటే మోసపోయి ఊరుకోవడమే తేలికనిపించింది. అది తప్పని ఇప్పుడు తెలుసు. అప్పుడూ తెలుసనే అనుకుంటాను.

కారు షెడ్డు ముందు, రోడ్డుకు ఎదురుగా చచ్చిపడి ఉంది. వచ్చేపోయే ప్రతివాడూ చూస్తున్నాడు. దాన్ని అక్కడి నుంచి నడిపించుకుని పోవాలన్నది తప్ప నాకు వేరే ధ్యాస లేదు.

"దీన్ని బాగుచేయించేది వొద్దయ్యా, వచ్చినకాడికి తెగనమ్మండి," అన్నాడు సాయబు.

"సామాను తెప్పించు," అన్నాను.

చెన్నై నుంచి సామాను వచ్చింది. మిగిలిన సగం దానికే పోయింది. కారు రెండు రోజులు నడిచి, మా ఇంటి ముందే ఆగిపోయింది. ఆ తర్వాత కదల్లేదు.

బోరు లారీ చెప్పినట్టే నెల తిరిగేసరికి వచ్చింది. పాతిన రాయి దగ్గర ఆపి, ఇనుప కాళ్ళు దించబోతుంటే, ఇప్పుడు కాదని నేను వాళ్ళను వెనక్కి పంపాను. నా భార్య చెట్ల మధ్య నిలబడి చూసింది.  లారీ రోడ్డెక్కాక ఆ రాయిని తనే పెరికి గట్టు మీద పడేసింది.

ఉగాదికి పాత బోరు వేలు లావు నీళ్ళు పోసేది. తర్వాత గంటసేపు పోసి ఆగేది. తర్వాత గాలి. పొరుగు రైతు కొన్నాళ్ళు తన బోరు నుంచి పైపు వేయనిచ్చాడు, తన చెట్లు వాడిపోతుంటే తీసేశాడు. అతణ్ణి తప్పుపట్టలేను. ఆకులు ముడుచుకున్నాయి. పిందెలు నిమ్మకాయంత అయ్యి రాలాయి. నా భార్య బిందెలతో నీళ్ళు మోసి, రోడ్డు పక్క వరసనైనా బతికించాలని చూసింది. కొమ్మ విరిచి చూస్తే లోపల పచ్చదనం కనిపించిన రోజు అన్నం తినేది. వైశాఖం సగానికి ఏ కొమ్మ విరిచినా పుల్లలా విరిగింది.

ఆషాఢంలో చెట్లన్నీ కొట్టించి, ఆత్మకూరు దారిలోని ఇటుక బట్టీకి కట్టెల కింద అమ్మేశాం.