సీతారాం ఎత్తిన ఉజ్బెక్ చీటీ

"అన్నియ్యా, అయితే నువ్వా దేశంలో చీటీ ఎత్తేసుకుని పారొచ్చీసినావేటి?"

అదే వీధి జోగమ్మ ఈ ప్రశ్న వేసింది జంషెడ్‌పూర్ బర్మామైన్స్‌లో సీతారాం ఇంటి అరుగు మీద కూర్చుని, మరో నలుగురు ఆడవాళ్ళు వింటూండగా. వేరుశనక్కాయలు ఒలుస్తూ, తల ఎత్తకుండా వేసింది.

సీతారాం ఫర్నేసు లోపల ఇటుక పేర్చే మేస్త్రి. మూడేళ్ళ కిందట ఒక కాంట్రాక్టరు అతన్ని ఉజ్బెకిస్తాన్‌లో ఒక ఇనుప కార్ఖానాకి పంపాడు. పదినెలలు ఉండి వచ్చాడు. వచ్చినప్పటి నుంచీ ఆ పదినెలల గురించే మాట్లాడుతున్నాడు.

మొదట్లో అందరూ ఇష్టంగానే విన్నారు. ముస్లిం దేశమంటే ఇసకా ఒంటెలూ అనుకున్నవాళ్ళకి అతను మోకాలి లోతు మంచు గురించి చెప్పాడు. వీధి పొడుగునా మల్బరీ చెట్ల గురించి, దిండంత కర్బూజాల గురించి చెప్పాడు. రొట్టె బోర్లా పెడితే ముసలమ్మలు ఊరుకోరన్నాడు. పెళ్ళి భోజనంలో ముందు దువా చదివి, ఆనక వోడ్కా సీసా తీస్తారన్నాడు. దానికి జుగ్సలాయి మటన్ కొట్టు సాయిబు నొచ్చుకున్నాడు. సీతారాం బావమరిది అంతకన్నా ఎక్కువ నొచ్చుకున్నాడు. ఆ దేశంలో జనం పొద్దస్తమానం మతం గురించే ఆలోచిస్తూంటారని అతని నమ్మకం, దాన్ని ఊరికే పోగొట్టుకోవడం ఇష్టం లేదు. అదే బావమరిదికి ఒకసారి సీతారాం మూడో వంతు గ్లాసు టీ పోసిచ్చాడు. ఉజ్బెకుల్లో అది పెద్ద మర్యాద: కొంచెంగా పోస్తే మళ్ళీ మళ్ళీ పోస్తామని, నిండా పోస్తే తాగి బయల్దేరమని. బావమరిది ఆ ఒక్క గుక్కా తాగి, రెండోసారి పోసేదాకా ఆగకుండా వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అరుగు మీద సీతారాం చెబుతున్నదీ ఉజ్బెకుల మంచితనమే. బఖ్తియార్ అని అక్కడ క్రేన్ల ఫోర్‌మన్, అందరూ ఆకా అంటారు, అంటే అన్న. అతనూ స్నేహితులూ, వెళ్ళిన ఆరో నెలలో కొత్తగా చేరిన సీతారాంతో కలిపి పన్నెండు మంది. నెలకొకరి ఇంట్లో కూడతారు. పెద్ద ఇనప బాణలిలో మగాళ్ళే పులావు వండుతారు. దీన్ని గాప్ అంటారు, మాటలాడుకోవడమని అర్థం. భోజనాలయ్యాక తలా ఐదు లక్షలు తీసి దస్తర్‌ఖాన్ మీద, అంటే భోజనాలకి పరిచిన గుడ్డ మీద పెడతారు. మొదటిసారి ఐదు లక్షలనేసరికి సీతారాంకి చెమట పట్టింది గానీ, అవి అక్కడి సోమ్‌లు కాబట్టి లెక్కేస్తే మన మూడున్నర వేలు. పులావు ఖర్చు కాబోలనుకుని అతనూ పెట్టాడు. అతను చేరాక నాలుగో కూడిక అతని గదిలో. ఇంటి నుంచి తీసుకెళ్ళిన చింతపండుతో చేపల పులుసు వండాడు. వాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ తిని, వెళ్ళేముందు రుమాల్లో డబ్బు మూటకట్టి చేతిలో పెట్టారు.

"తిని పోతా పోతా సేతిలో డబ్బులెట్టినారు. అంటే మన చదివింపుల్లాగన్నమాట. పరాయి దేశపోణ్ణి నాకు," అన్నాడు సీతారాం గర్వంగా.

"ఆనక ఎన్ని నెలలున్నావు?" అంది జోగమ్మ.

"ఒక నెల. కాంట్రాక్టు అయిపోనాది."

అప్పుడే జోగమ్మ ఆ ప్రశ్న వేసింది.

నిజానికి సీతారాం మోసగాడు కాదు. చీటీ అంటే పాట ఉండాలి, పాడుకున్నవాడు వదులుకునే తరుగు ఉండాలి, నడిపేవాళ్ళకి కమిషన్ ఉండాలి. ఇవేవీ లేకుండా నవ్వుతూ డబ్బిస్తే దాన్ని చీటీ అనుకోవడం తెలుగు పుట్టుక పుట్టిన మనిషికి సాధ్యం కాదు. పైగా అతని భార్య కస్తూరమ్మ పదిహేనేళ్ళుగా చీటీలు నడుపుతోంది. ఆ రుమాలు మూటతో ఆమెకి బంగారు దుద్దులు తెచ్చాడు కూడా.

ఆమె కొత్త చీటీ వచ్చే ఆదివారం మొదలవ్వాలి. పన్నెండు పేర్లు, నెలకి మూడు వేలు. మర్నాటికల్లా ఒకామె మానుకుంది. మిగతావాళ్ళు "సూద్దుంలే ఒదినా" అన్నారు. చీటీ లోకంలో ఆ మాటకి ఒకటే అర్థం.

"ఇంట్లో దొంగనెట్టుకుని వీధంతా కాపలా కాసినాను," అంది కస్తూరమ్మ కూర కలుపుతూ.

"దొంగేటే. చీటీ అని నానెలాగనుకుంతాను?"

"మరీ దుద్దులెవరి సొమ్ము?"

"ప్రేమగా తెచ్చినాను."

"ప్రేమ నీదే. సొమ్మెవరిదని అడుగుతన్నాను."

బ్యాంకులో పనిచేసే కూతురు యోగిత టీవీ మీంచి చూపు తిప్పకుండానే, బఖ్తియార్‌కి నేరుగా ఫోన్ చేసెయ్యమని హిందీలో తీర్పు చెప్పింది. "పాపా, సీధా ఫోన్ కర్ లో నా."

"సేత్తాడు," అంది కస్తూరమ్మ. "ఆదివారం, అందరి ముందరా. బాకీ తీరుతాదని ఆ మనిషి నోటితో సెప్పాల. నేకపోతే నా చీటీకి ఇంక ఏ ఆడదీ రాదు."

ఆదివారం పదకొండు మందీ వచ్చారు. చీటీ కోసం కాదు, ఫోను కోసం. యోగిత వీడియో కలిపి ఇచ్చింది. ద్రాక్ష పందిరి కింద బఖ్తియార్, నెత్తిన కుట్టుపని టోపీ. జంషెడ్‌పూర్ జట్లతో ఏళ్ళ తరబడి పనిచేసినవాడు, మన కార్ఖానా హిందీ బూతులతో సహా వచ్చు. ఒంట్లో ఎలా ఉంది, ఇంట్లో ఎలా ఉన్నారు, పిల్ల ఎలా ఉంది, పని ఎలా ఉంది, ఎండలెలా ఉన్నాయి అని వరసగా అడిగాడు.

"బాకీ సంగతెప్పుడడుగుతాడు?" అంది జోగమ్మ.

"అడగడు. అదే ఆళ్ళ మర్యాద," అన్నాడు సీతారాం నీరసంగా. చివరికి తనే ఆ మాట ఎత్తాడు. బఖ్తియార్ ముఖం చిట్లించాడు.

"నీకు మిగిలిన ఏడు నెలలూ నేనే కట్టేశాను సీతా. నిన్ను తెచ్చింది నేను, మాట నాది. అయిపోయింది."

"ఇప్పుడు పంపిస్తాను, ఆకా."

"పంపితే తిప్పి పంపుతాను. నువ్వు అతిథివి. అతిథి దగ్గర డబ్బు పుచ్చుకుంటే మా వీధిలో నా ముఖం ఏం కావాలి?"

అప్పిచ్చినవాణ్ణి, తీసుకోవయ్యా బాబూ అని బతిమాలిన మనిషి బర్మామైన్స్ చరిత్రలో సీతారాం ఒక్కడే అయ్యుంటాడు. మూడుసార్లు బతిమాలాడు. మూడుసార్లూ బఖ్తియార్ గుండె మీద చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు.

"తీసుకోనంటన్నాడు గదా," అంది జోగమ్మ అందరికీ వినపడేలా. "అంటే బాకీ అలాగుండిపోద్దన్నమాట."

ఒకామె లేచి చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టింది. కస్తూరమ్మ మొగుడి చేతిలోంచి ఫోను లాక్కుంది.

"భయ్యా," అంది తన హిందీలో, ఆడా మగా తేడాలేవీ పట్టించుకోకుండా. "నువ్వు చీటీ నడుపుతావు, నేనూ నడుపుతాను. నీ వీధిలో నీకు ముఖముంది. నా వీధిలో నాకు లేదా? వీళ్ళందరూ ఏం చూస్తున్నారో నువ్వే చూడు." ఫోను తిప్పి ఒక్కొక్కరి ముందూ పట్టుకుంది. పదకొండు మంది ఆడవాళ్ళు ఉజ్బెకిస్తాన్ కేసి కన్నార్పకుండా చూశారు. ఒకరు కూడా నవ్వలేదు.

బఖ్తియార్ టోపీ తీసి, తల తడుముకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"నీకూ గాప్ ఉందని ముందే చెప్పొచ్చుగా చెల్లీ," అన్నాడు. "పంపించండి. తీసుకుంటాను." తర్వాత గొంతు తగ్గించి, "ఆ ముందు కూర్చున్నావిడ ఎవరు?" అని అడిగాడు. జోగమ్మ పమిట సర్దుకుంది.

మాట దక్కింది. డబ్బు మాత్రం లేదు. పాతిక వేలకి కాస్త తక్కువ బాకీ. సీతారాం దగ్గర ఉన్నది పదినెలల కబుర్లు. కస్తూరమ్మ దుద్దులు తియ్యలేదు, తీస్తానని అననూ లేదు.

"పన్నెండో పేరు ఖాళీగుంది. నీ పేరెక్కించుకో. పాడుకో," అంది.

పాట మొదలైంది. మొత్తం ముప్పై ఆరు వేలు. సీతారాం మూడు వేల తరుగుకి అడిగాడు. జోగమ్మ నాలుగంది. అతను ఐదన్నాడు. ఆమె ఆరంది. ఎనిమిది దాటాక అతను జోగమ్మ వైపు తిరిగాడు.

"నీకిప్పుడు డబ్బెందుకు చెల్లీ?"

"నాకక్కర్నేదన్నియ్యా. తరుగు పెరిగితే అందరికీ పంపకం పెరుగుద్ది గదా. చదివింపులనుకో."

సీతారాం పదివేలనగానే జోగమ్మ ఆగింది. తరుగూ, మొగుడనైనా చూడకుండా కస్తూరమ్మ పట్టుకున్న కమిషనూ పోను, సీతారాం చేతికి వచ్చింది బాకీకి సరిపడా. అంటే జోగమ్మ ఎక్కడ ఆగాలో ఇంటి దగ్గరే లెక్కేసుకొచ్చిందన్నమాట. చెప్పులు వెతుక్కున్నామె కూడా కూర్చుని తన వాయిదా ఇచ్చి వెళ్ళింది.

సోమవారం యోగిత డబ్బు పంపింది. ముట్టిందని బఖ్తియార్ చెప్పాడు. కస్తూరమ్మ ఆ మాట స్పీకరులో పెట్టి వీధంతటికీ వినిపించింది. ఉజ్బెకుల కబుర్లు మళ్ళీ సాగుతున్నాయి, గాప్ ప్రస్తావన ఒక్కటి తప్ప.

కస్తూరమ్మ చీటీ ఇప్పుడు మూడో నెలలో ఉంది. సీతారాం ఇంకా తొమ్మిది వాయిదాలు కట్టాలి: పంపకాలు తీసెయ్యక ముందు, ఇరవై ఏడు వేలు.