‘అండి’ లేని మాట

మా ఆయన జగ్గయ్యపేట నుంచి సిమెంటు లారీ నడిపేవారు. పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, దాంతోపాటే మాటా పోయింది. విజయవాడలో మాట నేర్పే డాక్టరమ్మ నాతో, “పెద్ద పెద్ద వాక్యాలు వద్దమ్మా. చూడు, తిను, చెప్పు అని ఒక్కో ముక్క అనండి. అండి గిండి తగిలించకండి. ఆర్నెల్లలో మాట రాకపోతే ఇక కష్టం,” అంది.

తేలిగ్గా చెప్పేసింది మహాతల్లి. పద్దెనిమిదేళ్ల కాపురంలో నేనాయన్ని ‘నువ్వు’ అన్నది లేదు. నాకు కోపం ఎక్కువే, గిన్నెలు విసిరిన రోజులున్నాయి. విసిరేటప్పుడు కూడా “మీకు బుద్ధుందాండీ?” అనే అడిగాను. మా అమ్మ పెంపకం అది. ఎంత ప్రయత్నించినా ‘తిను’ అనడానికి నాకు నోరు రాలేదు.

నందిగామలో నేను పాఠాలు చెప్పే ప్రైవేటు బడి అప్పటికే మూతపడింది. స్పానిష్ వస్తే ఇంట్లోంచే ఫోన్లో ఉద్యోగం చేసుకోవచ్చని ఎవరో అంటే నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఆ వారం పాఠం, చనువున్న వాళ్లకి పని చెప్పడం. ‘అతను తింటాడు’ అనడానికి ఏ మాట వాడతారో, దాన్నే ఎదుటి మనిషి మొహం చూసి అంటే ‘తిను’ అయిపోతుంది. కోమె, తిను. ఆబ్రె, తెరువు. ఆబ్లా, మాట్లాడు. రా, చెప్పు లాంటి కొన్ని మాత్రం వేరుగా ఉంటాయి, వాటిని బట్టీ పట్టాల్సిందే.

ఆ భాషలో నాకు సిగ్గనిపించలేదు. మంచం పక్కన కూర్చుని, నోటి దగ్గర చెంచా పెట్టి “ఆబ్రె” అనేదాన్ని. “కోమె” అనేదాన్ని. పెదవుల మీద వేలుంచి “ఆబ్లా, ఆబ్లా” అనేదాన్ని.

అత్తగారు గుమ్మంలో నిలబడి విన్నారు. “ఏంటమ్మాయ్, వాడి మీద మంత్రాలేస్తున్నావా? ప్రార్థన చేసుకోక.”

“పాఠం వల్లె వేస్తున్నానండి అత్తయ్యా.”

ఆయన మాత్రం పైకప్పు వైపే చూస్తూ ఉండేవారు. చెంచా తగిలితే నోరు తెరిచేవారు, నా మాటకి కాదు. రోజూ మూడు పూటలా అన్నాను. ఆర్నెల్లూ గడిచిపోయాయి.

చివరిసారి విజయవాడ వెళ్లినప్పుడు డాక్టరమ్మ కాగితాలు మడిచి నా చేతికిచ్చింది. “ఇంక ఈయన్ని అంత దూరం నుంచి తిప్పకండమ్మా,” అంది. తిరుగు బస్సులో మా ఊరి ముందు చిల్లకల్లు దాటేదాకా నేను ఏడవలేదు. ఆ తర్వాత ఆపుకోలేకపోయాను.

ఇంటికొచ్చి ఆయన్ని పడుకోబెట్టాక నాకు ఒళ్లు తెలీలేదు. భుజం పట్టుకుని ఊపేశాను. “ఏయ్, మాట్లాడు. నీతోనే చెబుతున్నా. నోరు తెరిచి మాట్లాడు నువ్వు,” అన్నాను, అచ్చ తెలుగులో.

ఆయన నా వైపు చూశారు. జబ్బుకి ముందు ఎలా చూసేవారో అలాగే చూశారు. తర్వాత మెల్లగా మొహం గోడ వైపు తిప్పుకున్నారు. కంటి నీళ్లు చెవి మీదుగా దిండులోకి జారాయి. గుమ్మంలో ఉన్న అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికెళ్లిపోయారు.

ఆర్నెల్లలో ఆయనకి చేరిన నా మాట అదొక్కటే.

“తప్పయిపోయిందండీ. కాస్త తినండి,” అని చెంచా పెదవులకి ఆనించాను. నోరు తెరవలేదు. ఆబ్రె అని కూడా అన్నాను.

మర్నాటి నుంచి ఎప్పటిలాగే అండీ అంటున్నాను, ఆయన తింటున్నారు. కానీ ఇప్పుడు పైకప్పు వైపు చూడరు. నేను గదిలో ఉన్నంతసేపూ గోడ వైపే తిరిగి ఉంటారు.