మన్నా పాఠం, బియ్యం డబ్బాలు

ఛత్తీస్‌గఢ్‌లో, డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో మా తెలుగు సంఘపు సండే స్కూలు ఆ వారంతో మూతపడేలా ఉంది. పిల్లలకు తెలుగు అర్థం కావడం లేదనీ, హిందీ తరగతిలో కలిపేద్దామనీ సంఘ పెద్ద తేల్చేశారు. "ఆఖరి పాఠం, బాగా చెప్పమ్మా" అన్నారు నాతో. ప్రార్థన చేసుకుని, ఎడారిలో ఆకలిగొన్న జనానికి దేవుడు ఆకాశం నుంచి కురిపించిన ఆహారం, మన్నా కథ ఎత్తుకున్నాను.

"అక్కా, హిందీలో మనా అంటే వద్దని కదా! ఆకాశం నుంచి 'వద్దు' పడిందా?" అంది ముందు చాపమీది పిల్ల.

"కాదు, మానా అంటే ఎయిర్‌పోర్టు ఉన్న ఊరు!" అన్నాడు ఇంకొకడు.

స్నేహితురాలి వెంట వచ్చిన పక్కింటి ఛత్తీస్‌గఢీ అమ్మాయి లేచి నిలబడింది. "హమర్ బోలీ మ లైకా మన్ కహిథే!" వాళ్ల భాషలో లైకా అంటే పిల్లవాడు, చివర మన్ చేరిస్తే పిల్లలు.

నాకు ఒళ్లు పులకరించింది. తెలుగులో మన అంటే మనందరిదీ. హెబ్రీలోనేమో, ఎడారిలో నేలమీద తెల్లగా కనబడినదాన్ని చూసి జనం అడిగిన ప్రశ్న, 'ఇదేమిటి?' అదే దాని పేరయిందని మా పాస్టరుగారు నేర్పారు. ఒకదానికొకటి చుట్టరికం లేని మాటలన్నీ ఆ పొద్దున మా చాపలమీద చేరాయి! ఆ ఊపులోనే, ఏ రోజుది ఆ రోజే తినాలనీ, దాచుకున్నవాళ్లకు తెల్లారేసరికి పురుగులే మిగిలాయనీ చెప్పాను.

మా సంఘంలో ఆడవాళ్లు ఎసట్లో పోసేముందు గుప్పెడు బియ్యం పక్కన తీసి, ఆదివారం గుడి డ్రమ్ములో పోస్తారు. అవి లేనివాళ్లకు వెళతాయి. మరుసటి ఆదివారం పిల్లలు హిందీ తరగతి గడప తొక్కకుండా నేరుగా మా దగ్గరికే వచ్చారు, సంచులతో, డబ్బాలతో, కుక్కర్ గిన్నెలతో! డ్రమ్ము నిండి బియ్యం నేలమీదికి జారాయి. వెనకే తల్లులు. కూతురి రెక్క పట్టుకుని ఒక తల్లి నన్ను నిలదీసింది.

"ఏటమ్మా, ఏటి చెప్పీసినావు? పురుగులు పట్టీస్తాయని మా గుంట డబ్బా ఊడ్చీసి తెచ్చీసింది!"

సంఘ పెద్ద నావైపు తిరిగారు. "ఆ పాఠం ఏ భాషలో చెప్పావు?"

"తెలుగులోనే, తాతగారూ."

"అయితే అర్థమైందన్నమాట!"

"మరీ ఎక్కువ అర్థమైపోనాది!" అంది ఆ తల్లి. అందరం గొల్లున నవ్వాం.

నేలమీద పడ్డ బియ్యం కడిగి అక్కడే వండాం. రకరకాల బియ్యం కదా, కొంత జావ, కొంత పలుకు. అంత రుచి నేనెరగను, దేవునికి స్తోత్రం! కూతుర్ని వెతుక్కుంటూ ఛత్తీస్‌గఢీ తల్లి గుమ్మంలోకి వచ్చింది. "లైకా మన్ ఖా డారిన్ కా?"

"తిన్నారమ్మా, ఆవో, బైఠో" అని గరిటెతోనే పిలిచి, సంఘ పెద్ద నాతో గొంతు తగ్గించి అన్నారు: "వచ్చేవారం ఇంకో చాప వేయించు. పాఠం మాత్రం బియ్యం జోలికి పోనిది చూడు."